బీరు క్రేట్ల మీద మంచం

పరుపుతో కలిపి మా మంచం ఎత్తు 55 సెంటీమీటర్లు. మంచం ఎత్తు కొలుచుకునే అవసరం మామూలుగా ఎవరికీ రాదు. నాకు ఏడో నెలలో వచ్చింది.

అప్పుడు నెదర్లాండ్స్‌లో, ద హేగ్‌లో ఉండేవాళ్ళం. 2018 నవంబరు చివర. కాన్పయ్యాక ఇంటికి మనిషిని పంపే సంస్థ నుంచి ఒకావిడ వచ్చి ఇల్లంతా తిరిగి చూసింది. థర్మామీటరు ఉందా, రెండు బకెట్లు ఉన్నాయా, బిడ్డ పక్కలో పెట్టే వేడినీళ్ళ సీసా కొన్నారా అని అడుగుతూ కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ వచ్చి, పడగ్గదిలో ఆగింది. సంచిలోంచి టేపు తీసి మంచాన్ని కొలిచింది.

“80 ఉండాలి” అంది.

ఇంత పొట్టేసుకుని అంత ఎత్తు ఎలా ఎక్కేది అన్నాను. స్టూలు వేసుకోమంది. ఆ ఎత్తు నా కోసం కాదట. ఎనిమిది రోజులపాటు నన్నూ బిడ్డనూ చూసుకోబోయే మనిషి నడుం కోసమట. వంగి వంగి పనిచేస్తే ఆవిడ నడుం ఏమవ్వాలి? మంచం ఎత్తు పెంచకపోతే మనిషి రాదు. ఈ ముక్క నవ్వుతూనే చెప్పింది కానీ బేరానికి తావు లేకుండా చెప్పింది.

దీన్ని అక్కడ క్రామ్‌జోర్ఖ్ అంటారు. బాలింత సేవ అనుకోవచ్చు. డబ్బున్నవాళ్ళు పెట్టుకునే ఏర్పాటు కాదు, అందరికీ ఉండే ఆరోగ్య బీమాలోనే భాగం. ఎనిమిది రోజుల్లో మొత్తం 49 గంటలు ఇస్తారు, మామూలుగా అయితే. అప్పట్లో మనం గంటకు నాలుగు యూరోల పైచిలుకు కట్టుకుంటే సరిపోయేది. కడుపుతో ఉన్నామని తెలియగానే పేరు రాయించుకోవాలి, ఆలస్యం చేస్తే మనుషులు దొరకరు.

మంచం కాళ్ళ కింద పెట్టే దిమ్మలు అద్దెకిస్తారు. మా మంచానికి కాళ్ళే లేవు, చెక్క పెట్టెలాంటిది. ఏం చెయ్యాలా అని మా ఆయన మెట్ల దగ్గర నిలబడి ఫోన్లో వెతుకుతుంటే, కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన వచ్చి, ఏమిటి సంగతని అడిగాడు. విని, ఇంత చిన్న విషయానికా అన్నట్టు లోపలికెళ్ళి, బీరు సీసాలు పెట్టుకునే ప్లాస్టిక్ క్రేట్లు తెచ్చిచ్చాడు. ఆరు. తన పిల్లలిద్దరూ ఆ ఇంట్లోనే, అలా క్రేట్లమీద ఎత్తిన మంచంమీదే పుట్టారని చెప్పాడు. డచ్చి ఇళ్ళల్లో ఇది పాత చిట్కా అని తర్వాత తెలిసింది. ఇద్దరూ కలిసి మంచం ఎత్తి క్రేట్లు దూర్చారు. టేపు పెట్టి చూస్తే 80కి ఒకటీ రెండూ అటూ ఇటూ.

ఆ రాత్రి నుంచి స్టూలు వేసుకుని మంచమెక్కడం మొదలైంది. పైన పడుకుంటే కిటికీలోంచి ఎదురింటి వాళ్ళ పూలకుండీలు కనిపించేవి. అంతకుముందు కనిపించేవి కావు.

అసలు మొదట్నుంచీ చెప్పాలంటే, ఆ దేశంలో ఎవరూ నా కడుపును చూసి కంగారుపడలేదు. అదే నాకు పెద్ద కంగారు.

కిట్‌లో రెండు గీతలు కనిపించగానే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి ఫోన్ చేశాను. అక్కడ పనిచేసే అమ్మాయి “ఖెఫెలిసితేర్ద్!” అంది. అభినందనలు అని. ఆ వెంటనే, ఇక మా దగ్గరికి రానక్కర్లేదు, ఫెర్లోస్కుండిఖెకి ఫోన్ చేసుకోండి అంది. పలకడానికే నాకు వారం పట్టింది. కాన్పులు చేసే మిడ్‌వైఫ్ అన్నమాట. నాలుగేళ్ళ చదువు చదివి, సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంటారు. ఏ ఇబ్బందీ లేని కడుపు మొదట్నుంచి చివరిదాకా వాళ్ళ చేతుల్లోనే. గైనకాలజిస్టు ముఖం చూడాలంటే ఏదో ఒక తేడా ఉండాలి.

“డాక్టరమ్మ ఏమంది?” అని ఫోన్లో అమ్మ.

“డాక్టరమ్మ లేదమ్మా.”

“సెలవా?”

సెలవు కాదు, ఇక్కడ పద్ధతే ఇది అని విడమరచి చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది. “మా అమ్మకి మంత్రసాని పురుడు పోసింది. అది చూసి భయపడి మమ్మల్ని ఆసుపత్రిలో వేశారు. మీరు విమానమెక్కి అంత దూరం పోయి మళ్ళీ మంత్రసాని దగ్గరికే చేరారా తల్లీ?”

నాకు జవాబు దొరకలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. మొదటిసారి వెళితే, అది క్లినిక్కులా లేదు. మామూలు ఇల్లు, గుమ్మం పక్కన సైకిళ్ళు, మూలన చెక్క బొమ్మలు. ఆవిడ బీపీ చూసింది, ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు వేసుకుంటున్నావా అని అడిగింది, ఇంకేం సందేహాలున్నాయంది. నా దగ్గర రెండు పేజీల సందేహాలున్నాయి. పపాయ నుంచి విమానప్రయాణం దాకా. ఓపిగ్గా వింది. చివరికి, కడుపుతో ఉండటం జబ్బు కాదు కదా అంది. సైకిలు తొక్కొచ్చా అంటే, పొట్ట హ్యాండిల్‌కి తగిలేదాకా తొక్కొచ్చంది. హాస్యమనుకున్నాను. ఎనిమిదో నెలలో, పొట్ట పక్కకి మోకాళ్ళు చాపి ఎదురుగాలిలో తొక్కుకుంటూ పోయే ఆడవాళ్ళను ట్రామ్ కిటికీలోంచి చూశాక అర్థమైంది, హాస్యం కాదని.

తల నొప్పి అంటే పారాసిటమాల్. నడుం నొప్పి అంటే పారాసిటమాల్, నడక. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయంటే, అవును, పట్టేస్తాయి అంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆవిడ చేతులు. పొట్టమీద రెండు అరచేతులూ ఆనించి, కళ్ళు కిటికీ వైపు పెట్టి, వేళ్ళతో నొక్కుకుంటూ పోయి “ఇదిగో వీపు, ఇదిగో తల, ఇది పాదం” అని చెప్పేది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆ పాదం మీద పెట్టింది. లోపల్నుంచి చిన్న గట్టి ముడిలాంటిది జారిపోయింది. ఎన్ని స్కాన్లు తీసినా అది నాకు తెలిసేది కాదు.

స్కాన్లు తక్కువే. 20 వారాల స్కాన్ అక్టోబరు మొదట్లో. చీకటి గది, గోడమీద పెద్ద తెర. స్కాన్ చేసే అమ్మాయి వెన్నెముక చూపించింది, గుండె నాలుగు గదులూ చూపించింది. ఆ తర్వాత మామూలుగా, కాఫీ తాగుతారా అన్నంత మామూలుగా, అబ్బాయో అమ్మాయో తెలుసుకోవాలనుందా అని అడిగింది.

మా ఆయన ఠక్కున గోడ వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. మన దగ్గర ఏ స్కానింగ్ సెంటర్లోకి వెళ్ళినా గోడమీద ఉండే బోర్డు కోసం. లింగ నిర్ధారణ నేరం, 1994 చట్టం. మా ఇద్దరికీ ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ బోర్డు ఉంది. ఇక్కడ బోర్డు లేదు, నేరమూ లేదు, అడిగితే చెప్పేస్తుంది. అయినా గొంతు పెగల్లేదు. వద్దులెండి అన్నాం. బయటికొచ్చాక ఎందుకు వద్దన్నావని నన్ను తనూ, తనని నేనూ అడిగాం. ఇద్దరికీ ఒకటే కారణం. ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. ఆ బోర్డు ఎందుకు పెట్టాల్సొచ్చిందో మనకి తెలుసు కాబట్టి, ఆ ప్రశ్నకి జవాబు వినడం మనకి కాఫీ తాగినంత మామూలు విషయం కాదు.

ఇక అమ్మ రాక. ప్రసవం తేదీ 2019 ఫిబ్రవరి 22 అన్నారు. షెంగెన్ వీసా అంటే 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. ముందొస్తే కాన్పుకి ఉంటుంది కానీ వెనక నెలలు తరిగిపోతాయి. వెనకొస్తే కాన్పుకి ఉండదు. అమ్మా, నాన్నా, మేమిద్దరం, నాలుగు తలలు ఈ లెక్కకు పట్టిన సమయం ఇంటర్లో కూడా ఏ లెక్కకూ పట్టలేదు. చివరికి ఫిబ్రవరి 14న దిగేట్టు టికెట్ తీశాం. వారం ముందు. తొలిచూలు ఆలస్యమే అవుతుంది అని అందరూ అన్నారు. వీసా మీద కూడా 14 నుంచే అని తేదీ పడింది. ఆ తేదీని అప్పుడెవరం పట్టించుకోలేదు.

ఇంట్లో కంటావా, ఆసుపత్రిలో కంటావా అని మిడ్‌వైఫ్ ఎప్పుడో అడిగింది. ఆ దేశంలో 37 వారాలు నిండాక, ఏ తేడా లేకపోతే, ఇంట్లో కనొచ్చు. దాని కోసం బీమావాళ్ళు పోస్టులో ఒక పెట్టె కూడా పంపిస్తారు. దూది పరుపులు, గాజుగుడ్డ, స్పిరిట్, బొడ్డుకి పెట్టే క్లిప్పు. మూడో అంతస్తు ఇంట్లో, నిచ్చెనలాంటి మెట్లెక్కి పోతే వచ్చే ఇంట్లో, అమ్మ లేకుండా, ఆ పెట్టెతో? ఆసుపత్రే అన్నాను. సరే అంది. తేడా లేకుండా ఆసుపత్రికి వెళ్ళాలంటే కొంత చేతినుంచి పడుతుందని చెప్పింది. పడనీ అన్నాను.

ఫిబ్రవరి 4, సోమవారం. రాత్రి తొమ్మిది. నేను మంచమెక్కడానికి స్టూలు మీద ఒక కాలు పెట్టాను. ఏదో తెగినట్టయింది, నొప్పి లేదు, స్టూలంతా తడి.

ఇంకా పద్దెనిమిది రోజులుంది.

మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, రంగేమిటి? మా ఆయన టార్చి వేసి చూసి, “పచ్చగా ఉంది” అన్నాడు. మన పచ్చలో పసుపూ ఉంది, ఆకుపచ్చా ఉంది. ఇంగ్లీషులో చెప్పేసరికి ఏ పచ్చో తేల్చుకోలేక “ఆకు రంగు, లేత ఆకు రంగు” అన్నాడు. ఆవిడ పావుగంటలో వచ్చింది. చూసింది. బిడ్డ లోపలే మలవిసర్జన చేసింది, ఇక ఇది నా పని కాదు, ఆసుపత్రి పని అంది. గొంతు మాత్రం మారలేదు. అదే కిటికీ వైపు చూసే గొంతు. మాకు కారు లేదు. మెట్లు దిగుతుంటే ఆ అలికిడికి కింది పెద్దాయన తలుపు తీశాడు. నైట్ డ్రెస్ మీదే కోటు వేసుకుని, కారు సీటు మీద చెత్త వేసుకునే నల్ల కవరొకటి పరిచి, దానిమీద పాత తువ్వాలు పరిచి, కూర్చో అన్నాడు. అంత ఒడుపుగా ఎలా చేశాడంటే, ఆ తువ్వాలు ఎప్పుడో తీసిపెట్టుకున్నాడని నా అనుమానం.

ఆసుపత్రి పేరు అవసరం లేదు. మంచి ఆసుపత్రే. కానీ ఆ రాత్రి రెండు విషయాల్లో నాకు ఇప్పటికీ కినుకే.

ఒకటి, అంకె. పొట్టకి రెండు పట్టీలు కట్టి, చేతికి సెలైన్ పెట్టి, నొప్పి ఎలా ఉంది, సున్నా నుంచి 10 లోపు చెప్పమంది నర్సు. నొప్పికి అంకె ఏమిటి? నడుం దగ్గర పుట్టి తొడల్లోకి దిగుతున్న పీకుడు వేరు, పొత్తికడుపులో మెలిపెట్టడం వేరు. రెంటికీ మధ్య ఆగీ ఆగకుండా సలుపు. ఉండుండి ఒక పోటు. ఇవన్నీ అమ్మకి ఫోన్లో చెబితే ఏది దేనికో అమ్మ ఇట్టే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో నాకున్న మాట పెయిన్ ఒక్కటే. తెలుగులో మా ఆయనకి చెబుతున్నాను, పాపం ఆయన చేతులతో బట్టలు పిండుతున్నట్టు, తాడు లాగుతున్నట్టు అభినయిస్తూ ఆవిడకి చెబుతున్నాడు. అంతా శ్రద్ధగా విని ఆవిడ “7” అని రాసుకుంది.

రెండోది, వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్. ఒంటిగంటకి అడిగాను. మత్తు డాక్టరు ఆపరేషన్లో ఉన్నారు, అరగంట అన్నారు. ఆ అరగంట రెండున్నర గంటలైంది. ఆయన వచ్చేసరికి, ఇప్పుడిక వద్దు, బిడ్డ వచ్చేస్తోంది అని నర్సే వెనక్కి పంపేసింది. తప్పెవరిదీ కాకపోవచ్చు. ఆ రాత్రి మటుకు ఆ దేశంలో అందరి మీదా కోపమొచ్చింది. మా ఆయన మీద కూడా.

మూడున్నర దాటాక గదిలో అందరూ ఇంగ్లీషు మర్చిపోయారు. “పెర్సెన్! పెర్సెన్!” అంటున్నారు. నాకు కూరగాయలు కొనేంత డచ్ వచ్చు. పెర్స్ అన్నమాట నాకు ఎక్కడ తెలుసంటే, సూపర్ మార్కెట్లో రసం తీసుకునే నారింజపళ్ళ సంచీ మీద, పెర్స్ సినాస్‌ఆపెల్స్ అని. పిండే నారింజలు. అంటే నన్ను ఏం చెయ్యమంటున్నారో అర్థమైంది. ప్రాణం పోతున్నంత పనవుతుంటే నా కళ్ళముందు నారింజపళ్ళు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీదు, తెల్లవారుజామున 4:20కి మా అమ్మాయి పుట్టింది.

ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. ఆ క్షణం గురించి ఎక్కువ రాయలేను. తర్వాత ఏడ్చింది.

ఇండియాలో అప్పుడు ఉదయం తొమ్మిది కావస్తోంది. వీడియో కాల్లో అమ్మ మొహం కనబడగానే, నర్సు ఫోన్ వైపు వంగి “ఖెఫెలిసితేర్ద్, ఓమా!” అంది. అక్కడ అభినందనలు తల్లిదండ్రులకే కాదు, అమ్మమ్మకి, మేనమామకి, ఎదురైతే పొరుగింటాయనకి కూడా చెబుతారు. ఓమా అంటే అమ్మమ్మ. అమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ “ఓమ సంగతి ఆవిడకెలా తెలుసే? నేను వాము మూటగట్టి పెట్టాను, తెస్తానని చెప్పు” అంది. మా నానమ్మ వాముని ఓమ అనేది మరి.

కాసేపటికి ట్రేలో టీతో పాటు గుండ్రటి పెళుసు రొట్టె తెచ్చారు. వెన్న రాసి, మీద గులాబీ, తెలుపు రంగుల చక్కెర గుళికలు చల్లారు. అమ్మాయి పుడితే గులాబీ, అబ్బాయి పుడితే నీలం. బెస్ఖౌట్ మెట్ మౌషెస్, అంటే రొట్టెమీద చిట్టెలుకలు. కొరికితే లోపల సోంపులాంటి గింజ. పాలు పడటానికి మంచిదని వాళ్ళ పాతకాలపు నమ్మకమట. ఓమ అని అమ్మ అన్నది మరీ అంత తప్పేం కాదు.

పాపను కొన్ని గంటలు కనిపెట్టి చూసి, ఊపిరి బాగానే ఉందని, ఆ మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. కన్న రోజే! మూడంతస్తుల మెట్లు, ఒక్కొక్కటీ కూర్చుని ఎక్కాను. తలుపు తీస్తే క్రామ్‌జోర్ఖ్ ఆవిడ అప్పటికే వంటింట్లో చేతులు కడుక్కుంటోంది. మా ఆయన ముందే తాళం ఇచ్చాడట. అరవైకి దగ్గర్లో ఉంటుంది. షేవెనింగెన్ వైపు నుంచి సైకిలు మీద, సముద్రపు గాలికి ఎర్రబడ్డ మొహంతో వచ్చేది. బూట్లు విప్పి, సంచిలోంచి సొంత చెప్పులు తీసి వేసుకునేది. మొదట వెళ్ళి మంచాన్ని మోకాలితో నెట్టి చూసింది. క్రేట్లు కదల్లేదు. “ఖూడ్” అంది. బావుంది అని. ఆ తర్వాత నాతో అన్న మొదటి మాట, “ఎక్కు.”

ఆ ఎనిమిది రోజులూ ఆవిడ రాజ్యం. రోజూ రెండుసార్లు నాకూ పాపకీ జ్వరం చూడటం, పొట్టమీద చెయ్యివేసి గర్భసంచి ఎంత దిగిందో చూడటం, కుట్లు చూడటం, పాపను తూచడం. అన్నీ ఒక పుస్తకంలో రాసేది. పాప ఒళ్ళు 36.5కీ 37.5కీ మధ్య ఉండాలి. తగ్గితే ఇత్తడి చెంబులాంటి ఒక లోహపు సీసాలో మరిగే నీళ్ళు పోసి, బిరడా బిగించి, తలకిందులు చేసి కారడంలేదని చూసి, గుడ్డ తొడిగి, పాపకి జానెడు దూరంలో పక్కలో పెట్టేది. ఆ దూరాన్ని చేత్తో కొలిచేది, ప్రతిసారీ. పక్క సగం నుంచే వేసేది, పాప పాదాలు మంచం అడుగు చెక్కకి తగిలేట్టు, కిందికి జారి దుప్పట్లో మునిగిపోకుండా. దిండు ఉండదు. స్నానం బకెట్లో. నిజంగా బకెట్లోనే, పారదర్శకంగా ఉండేది, పాప అందులో కడుపులో ఉన్నట్టే ముడుచుకుని, ఆవిడ రెండు వేళ్ళు గడ్డం కింద ఆనిస్తే, కళ్ళు మూసుకుని తేలేది.

నాకు కష్టమైంది ఒక్కటే. ఆవిడ రోజూ మా బాత్రూమ్ కడిగేది. బాలింత ఉన్న ఇల్లు, రోజూ కడగాలి, అది ఆవిడ పనుల పట్టీలో ఉంది. మా అమ్మ వయసు మనిషి మా టాయిలెట్ కడుగుతుంటే నేను మంచంమీద పడుకుని ఆ బ్రష్ చప్పుడు వినడం నా వల్ల కాలేదు. మూడోరోజు పొద్దున్నే, ఆవిడ రాకముందే, గోడ పట్టుకుని వెళ్ళి నేనే కడగబోయాను. ఆవిడ ఆరోజు పావుగంట ముందొచ్చింది. బ్రష్ చేతిలోంచి తీసుకుంది. తిట్టలేదు, అదే బావుండేది. “నీ పని పాలివ్వడం, నిద్రపోవడం. నా పని ఇది. నా పని నువ్వు చేస్తే నేనేం చెయ్యాలి?” అని అడిగింది, నిజంగా జవాబు కావాలన్నట్టు.

ఆ రోజే మధ్యాహ్నం టీ ఇస్తూ, ఇవాళో రేపో నువ్వు ఏడుస్తావు, కంగారుపడకు అంది. క్రామ్‌ట్రానెన్ అంటారట. బాలింత కన్నీళ్ళు. మూడో రోజుకీ నాలుగో రోజుకీ వస్తాయట, దానికో పేరు కూడా పెట్టుకున్నారు. నేనేం ఏడవను, అంత బలహీనురాల్ని కాదు అన్నాను. సరే అంది. మర్నాడు పాప బరువు చూశారు. పుట్టినప్పుడు 3,180 గ్రాములు, ఇప్పుడు 2,940. మొదట్లో తగ్గడం మామూలే, పదో వంతు దాకా పర్వాలేదు అని ఆవిడ చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను, అర్థమవుతూనే ఉంది. తర్వాత మా ఆయన వచ్చి పెరుగు డబ్బా మూత సరిగ్గా పెట్టలేదేంటి అన్నాడు. అంతే. గంటసేపు. ఆవిడ మా ఆయన్ని బజారుకి పంపేసి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, పాప చొక్కాలు మడతపెట్టుకుంటూ ఉంది. ఒక్క మాట లేదు. ఓదార్చడానికి మన దగ్గర ఎన్ని మాటలుంటాయో! అవేవీ లేకుండా, మడతల మీద మడతలు. నేను ముక్కు చీదినప్పుడల్లా ఒక గుడ్డ అందించేది.

కాగితాల గొడవ మా ఆయన చూసుకున్నాడు. పుట్టిన మూడు రోజుల్లో నగర కార్యాలయంలో నమోదు చెయ్యాలి. 2019 జనవరి నుంచే తండ్రులకి జీతంతో వారం సెలవిస్తున్నారు, అంతకుముందు రెండు రోజులే. ఆ రకంగా పాప మంచి ఏడాదిలో పుట్టింది. కౌంటర్లో అమ్మాయి ఇంటిపేరు ముందెందుకొచ్చిందని అడిగితే, మాకు అదే ముందొస్తుందని చెప్పడానికి అరగంట పట్టిందట. అక్కడ పుట్టింది కదా, అక్కడి పౌరసత్వం వచ్చేస్తుందిగా అని బంధువులందరూ అడిగారు. రాదు. ఆ దేశంలో పుట్టినంత మాత్రాన రాదు. ఇండియా ఎంబసీ ఆ ఊళ్ళోనే ఉండటం మాత్రం కలిసొచ్చింది. జననం నమోదు చేయించి పాస్‌పోర్టుకి పెట్టాం. పాస్‌పోర్టుకి ఫోటో కావాలి, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, కళ్ళు తెరిచి, నోరు మూసి. మూడు వారాల పిల్లకి! తెల్ల దుప్పటి పరిచి పాపను పడుకోబెట్టి, మా ఆయన నేను మంచమెక్కే స్టూలు మీద నిలబడి 140 ఫోటోలు తీశాడు. ఒక్కదాంట్లో కళ్ళు తెరిచింది, అదీ ఆయన్ని అనుమానంగా చూస్తూ. పాస్‌పోర్టులో అదే ఉంది.

పన్నెండో తారీకు ఆవిడ ఆఖరి రోజు. పుస్తకంలో చివరి పేజీ రాసి, చెప్పులు సంచిలో పెట్టుకుని, బూట్లు వేసుకుంది. పాప నుదుటి మీద వేలితో ఒకసారి రాసింది. నన్ను కౌగిలించుకుంటుందేమో అనుకుని నేను ముందుకి వంగాను, ఆవిడ చెయ్యి చాచింది. కరచాలనం చేశాం. మెట్ల చప్పుడు, కింద తలుపు, సైకిలు స్టాండు తీసిన చప్పుడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

పద్నాలుగున సాయంత్రం అమ్మ దిగింది. రెండు రోజుల తేడా. వీసా మీద పడిన ఆ తేదీకి ఒక్కరోజు ముందు కూడా విమానమెక్కనివ్వరు, మేం అడగని చోటు లేదు. పాపను చూసింది, నన్ను చూసింది, ఏడ్చింది, అన్నీ అయ్యాయి. తర్వాత పడగ్గదిలోకి వచ్చి మంచం చూసి ఆగిపోయింది.

“ఇవేంటే?”

“క్రేట్లమ్మా.”

“దేని క్రేట్లు?”

చెప్పక తప్పలేదు. అమ్మ అల్లుడి వైపు చూసిన చూపు! ఆయన గబగబా “నావి కావు అత్తయ్యా, కిందాయనవి” అన్నాడు. నమ్మిందని నేననుకోను.

రాత్రి పాప పడుకున్నాక అమ్మ ఆ పుస్తకం తెమ్మంది. ఒక్క అక్షరం అర్థం కాదు. అయినా కళ్ళజోడు పెట్టుకుని, అంకెల మీద వేలు పెట్టుకుంటూ చదివింది. 3,180. 2,940. 2,990. 3,060. “ఇక్కడ తగ్గింది,” అంది, “ఇక్కడ్నుంచి లేచింది.” పక్కన ఆవిడ రాసిన వాక్యం ఏమిటని అడిగింది. ఫోన్లో అనువాదం చేసి చూశాను. నాలుగో రోజు పేజీ. తల్లి ఏడ్చింది, తర్వాత బాగా తిన్నది అని ఉంది.

అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఏం పెట్టింది?”

“రొట్టే, జున్నూ.”

“బాలింతకి జున్నా!” అంది కోపంగా. కాసేపాగి, “సరే, పెట్టిందిగా” అంది.

తర్వాత మూడు నెలలూ అమ్మకీ, లేని ఆ మనిషికీ మధ్య ఒక పోటీ నడిచింది. నేను పాప దుప్పటి సగం నుంచి వేస్తే, ఆవిడ చెప్పిందా అనేది. వేడినీళ్ళ సీసా మీద మాత్రం ఇద్దరూ ఏకం. అమ్మ కూడా జానెడు దూరం చేత్తో కొలిచేది. ఆ ఫిబ్రవరి ఆఖరి వారంలో అక్కడ ఎప్పుడూ లేనంత ఎండ కాసింది. ఊలు స్వెటర్లు రెండు సంచుల నిండా తెచ్చుకున్న అమ్మ కిటికీ దగ్గర పాపకి ఎండ చూపిస్తూ కూర్చునేది.

మార్చి మొదట్లో కింది పెద్దాయన పైకొచ్చాడు, క్రేట్లు కావాలేమో అని మేమే పిలిచాం. అమ్మకి చెయ్యిచ్చి “ఖెఫెలిసితేర్ద్” అన్నాడు. అమ్మ నమస్కారం పెట్టింది. ఆయనా మా ఆయనా చెరోవైపు మంచం పట్టుకుని ఎత్తితే అమ్మే ఒక్కొక్క క్రేటూ లాగింది. ఆరూ ఒకదానిమీదొకటి పేర్చుకుని ఆయన దిగిపోయాడు.

ఆ రాత్రి రెండింటికి పాప ఏడ్చింది. నిద్రకళ్ళతోనే లేచి, అలవాటుగా స్టూలు కోసం కాలు కిందికి చాపాను. స్టూలు లేదు, మంచం ఎత్తూ లేదు. కాలు నేలకి ధన్‌మని తగిలింది.

“ఏమైందే?” అని హాల్లోంచి అమ్మ.

“ఏం లేదమ్మా. నేల దగ్గరికొచ్చింది.”

“పాపనిటివ్వు, నువ్వు పడుకో” అంది.